రెండో కృష్ణుడి రికార్డింగు

ముదినేపల్లి దాటాక కాలవ ఒడ్డునున్న ఆ ఊళ్ళో పూర్ణచంద్రరావు డిష్ పెట్టిస్తున్నాడంటే మొదట ఎవరూ నమ్మలేదు. ఆయనకి టీవీ అంటేనే గిట్టదు. కేబులు వైరు తన ప్రహరీ మీదుగా పోతోందని కేబులువాణ్ణి నానా తిట్లూ తిట్టి, ఆ వైరు కోసి చేతిలో పెట్టి పంపించిన మనిషి. ముక్కు మీద కోపం అంటారు గానీ, ఈయన కోపానికి ముక్కు చాలదు. అలాంటివాడు గుడివాడ వెళ్ళి కొత్త టీవీ, దానికో వీసీఆర్ కొనుక్కొచ్చి, బందరు నుంచి విల్సన్ అనే డిష్ మెకానిక్కుని పిలిపించాడు. ఇంత హంగామా ఒక్క ఆదివారం మధ్యాహ్నం కోసమని తెలిశాక మాత్రం, నవ్వినవాళ్ళు నవ్వడం ఆపేశారు.

సంగతేమిటంటే, పూర్ణచంద్రరావు జీవితమంతా కృష్ణుడు వేశాడు. కృష్ణా జిల్లాలో తెల్లవార్లూ ఆడే పద్యనాటకానికి ఒక్క కృష్ణుడు చాలడు. ఒకాయన పడక సీను పాడి దిగిపోతే, ఇంకొకాయన రాయబారానికి ఎక్కుతాడు. అదే పింఛం, అదే నీలం రంగు, మనిషి మాత్రం వేరు. ఇదేమిటి, దేవుడు మారిపోయాడేమిటని జనం అడగరు. ఎవడి గొంతు ఎంత లేచిందో తూకం వేసుకుంటూ కూర్చుంటారు. రాయబారం పూర్ణచంద్రరావుది. పడక సీను సాంబశివరావుది. ఈ సాంబశివరావు ఎవరో కాదు, పూర్ణచంద్రరావు భార్య భానుమతికి తోడబుట్టిన అన్న. భార్య పోయి ఒంటరిగా ఉంటున్నాడు. ఊరి చివర, కాలవకి ఎదురుగా రెండే ఇళ్ళు, రెండూ వీళ్ళవే. మధ్యలో ఒక్క గోడ.

ఆ గోడకి ఇటూ అటూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనడం మొదలై చాలా ఏళ్ళయింది. ఘంటసాల తిరనాళ్ళలో నాటకం. ఆ రాత్రి సాంబశివరావుకి గొంతు బ్రహ్మాండంగా పలికింది. జనం వన్స్‌మోర్ అన్నారు. పాడాడు. మళ్ళీ అన్నారు, మళ్ళీ పాడాడు. పూర్ణచంద్రరావు రంగు పూసుకుని, కిరీటం పెట్టుకుని, తెర వెనక కాలు కాలిన పిల్లిలా తిరుగుతూనే ఉన్నాడు. ఆయన రాయబారానికి వచ్చేసరికి తూర్పు తెల్లబడింది. జనం చాపలు చుట్టుకుని చేలకి వెళ్ళిపోతున్నారు. తొలి పద్యం ఎత్తితే విన్నవాళ్ళు హార్మోనియం ఆయనా, సామాను సర్దుకోడానికి వచ్చిన మైకువాడూ. "నా కాలం తినేశాడు" అన్నాడు పూర్ణచంద్రరావు ఆ పొద్దున రంగు కడుక్కుంటూ. ఆ తరవాత బావలిద్దరూ ఒకే నాటకంలో, ఒకే వేషంలో ఎన్ని ఊళ్ళు తిరిగినా ఒకరితో ఒకరు మాట్లాడలేదు.

ఆ మాటల్లేని కాలంలోనే వాళ్ళ నాటక సమాజానికి పోటీల్లో మొదటి బహుమతి వచ్చింది. ఒక శాటిలైట్ చానలువాళ్ళు హైదరాబాదు పిలిపించి నాటకాన్ని వీడియో తీసుకున్నారు. రాయబారం పద్యాలు ఆ రోజు పాడినట్టు పూర్ణచంద్రరావు జన్మలో పాడలేదు. ఆ సంగతి ఆయనకే తెలుసు. తిరిగొచ్చాక గొంతులో గడ్డ బయటపడింది. ఆపరేషన్ చేస్తే ప్రాణం దక్కింది గానీ గొంతు దక్కలేదు. ఇప్పుడు ఆయన మాట్లాడితే తలుపు సందులోంచి గాలి వచ్చినట్టుంటుంది, అదీ దగ్గరగా చెవి పెడితేనే.

పోనీ పాత క్యాసెట్టయినా ఉందా అంటే, లేదు. తన రాగం ఎవడన్నా దొంగిలిస్తాడని ఆయన భయం. జనంలో టేపురికార్డరు కనపడితే నాటకం ఆపించి మరీ దాన్ని బయటికి పంపించేవాడు. అంత భద్రంగా దాచుకున్న గొంతు ఇప్పుడు ఈ భూమ్మీద ఒక్కచోటే ఉంది, ఆ చానలువాళ్ళ దగ్గర. ఫోను చేయిస్తే కాపీలు ఇచ్చేది లేదన్నారు. ఆదివారం మధ్యాహ్నం ఒక్కసారి వేసి, అదే టేపు మీద ఇంకో ప్రోగ్రాం తీసుకుంటారట. వేసినప్పుడు ఎక్కించుకుంటే ఉంటుంది, లేకపోతే పోతుంది. ఊళ్ళో ఉన్నవన్నీ సినిమాలు వేసుకునే ప్లేయర్లే, ఎక్కించేవి కావు. కేబులువాణ్ణి ఇక ఏ మొహం పెట్టుకుని పిలుస్తాడు. అందుకే ఈ డిష్, ఈ వీసీఆర్, ఈ విల్సన్.

విల్సన్ మేడెక్కి, నైరుతి వైపు ఆకాశంకేసి చూసి పెదవి విరిచాడు.

"ఇక్కడ కుదరదండీ. పక్కింటి కొబ్బరిచెట్టు అడ్డం. నాలుగు మట్టలు కొట్టిస్తే చాలు, బొమ్మ అద్దంలా వస్తది."

"నేనెళ్ళి వాణ్ణి అడగాలా" అన్నాడు పూర్ణచంద్రరావు. గొంతు లేకపోయినా ఉన్న గాలిలోనే కారం ఉంది.

"మీరెందుకండీ, నేనడుగుతా."

విల్సన్ పిట్టగోడ మీంచి వంగి అడగనే అడిగాడు. అవతల దొడ్లో సాంబశివరావు ధాన్యం బస్తాలు విప్పి ఎండబోయిస్తున్నాడు. తలెత్తి చూశాడు.

"కొట్టుకోమను. నేనేం ఆ మట్టల మీద పడుకోను. కాకపోతే ఆయన్నే వచ్చి అడగమను. నోరు పడిపోయిందని మెకానిక్కుల్ని పంపితే ఎట్టా."

పుండు మీద కారం చల్లాలంటే సాంబశివరావు తరవాతే ఎవరైనా. పూర్ణచంద్రరావు మొహం జేవురించింది. విల్సన్ చెయ్యి పట్టుకుని కిందికి లాక్కొచ్చి, గొడ్లసావిడి వెనకనున్న ఖాళీ చూపించాడు.

"ఇక్కడ పెట్టు."

"ఇక్కణ్ణుంచి హాల్లోకి వైరు రావాలంటే ఆ గోడ పక్కనుంచే రావాలండీ."

"ఆ గోడకి నా వైరు తగలకూడదు. ఇల్లంతా చుట్టి తీసుకురా."

"వైరు పొడుగయితే బలం తగ్గుద్దండీ. బొమ్మ పల్చబడుద్ది."

"తగ్గనీ."

విల్సన్‌కి ఇలాంటి ఇళ్ళు కొత్త కాదు. మారు మాట్లాడకుండా సిమెంటు కలిపి గొట్టం పాతాడు, దాని మీద డిష్ బిగించాడు. నల్ల వైరుని వంటింటి వెనక నుంచి, నూతి గట్టు పక్కగా, వసారా చూరు వెంట మేకులు కొట్టుకుంటూ ఇల్లు చుట్టించి హాలు కిటికీలోంచి లోపలికి తెచ్చాడు. డిష్ వైరు రిసీవర్ డబ్బాలోకి, డబ్బా నుంచి మూడు వైర్లు వీసీఆర్‌లోకి, వీసీఆర్ నుంచి టీవీలోకి. అన్నీ బిగించాక పూర్ణచంద్రరావుని కూర్చోబెట్టి చెప్పాడు.

"పసుపు పిన్ను బొమ్మకండీ. ఎరుపూ తెలుపూ మాటకి. వీటిని ముట్టుకోకండి. ఆదివారం నేను రాను, మాకు చర్చి. ప్రోగ్రాం మొదలవ్వగానే ఈ రెండు బటన్లూ కలిపి నొక్కి వదిలెయ్యండి. టేపు పెద్దదే. మొత్తం అయ్యేదాకా దాని మానాన దాన్ని తిరగనివ్వండి."

పూర్ణచంద్రరావు తలూపాడు. ఊపడం వరకే.

శనివారం అన్నం పెడుతూ భానుమతి మాట కదిపింది.

"అన్నయ్య కబురు పెట్టాడు. ఎట్టాగూ ఎక్కిస్తున్నారుగా, ఆయన పద్యాలు కూడా వస్తాయిగా, ఒక కాపీ ఇప్పించమన్నాడు."

"సిగ్గులేదా వాడికి."

"ఆయనకి మాత్రం ఏముందండీ. మీరు టేపురికార్డర్లు రానివ్వకపోతే ఆయన గొంతు మాత్రం ఎవరు దాచారు. వయసు ఆయనకీ మీద పడుతోంది."

పూర్ణచంద్రరావు ముద్ద కంచంలోనే పెట్టేశాడు. ఆమె వినడానికి దగ్గరగా వంగితే చెవిలో చెప్పాడు, ఒక్కొక్క మాటా తుంచి తుంచి.

"నా టేపు మీద వాడి గొంతు పడదు. వాడి సీను అయ్యాక, నేను వచ్చినప్పుడే నొక్కుతా."

"మరీ అంత విషం పనికిరాదు."

"ఘంటసాలలో వాడు తిన్నది నా కాలం. ఈ డిష్ నాది, ఈ కరెంటు నాది."

భానుమతి పెరుగు గిన్నె ఆయన ముందు ఠంగున పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఉప్పు తేలేదు. ఆయన అడగనూ లేదు.

ఆదివారం ఎండ చెలరేగిపోతోంది. పూర్ణచంద్రరావు తలంటి పోసుకుని, తెల్లపంచె కట్టుకుని, నాటకానికి వెళ్ళే రోజుల్లో లాగా ఏమీ తినకుండా టీవీ ముందు కూర్చున్నాడు. క్యాసెట్టు వీసీఆర్‌లో సిద్ధంగా ఉంది. ప్రార్థన అయింది. తెర లేచింది. పడకటింట్లో పాన్పు మీద పడుకుని సాంబశివరావు కళ్ళు తెరిచాడు.

బాగా పాడుతున్నాడు. అదే మంట. ఎక్కడా తొందర లేదు, ఎక్కడా జారడం లేదు. ఎత్తుకున్న రాగాన్ని సావకాశంగా దించుకుంటూ, ఎదుట కూర్చున్న అర్జునుణ్ణి చూసి చిరునవ్వు నవ్వుతున్నాడు. పూర్ణచంద్రరావు వేలు బటన్ పక్కనే ఉంది. నొక్కలేదు. భానుమతి గుమ్మం దగ్గర నిలబడి ఆ వేలునే చూస్తోంది. నొక్కండి అని కళ్ళతోనే బతిమాలింది. ఆయన మొహం తిప్పుకున్నాడు.

సీను సాగుతోంది. ఒక పద్యం అయిపోతే ఇంకొకటి. ఇక్కడ వన్స్‌మోర్ అనేవాళ్ళు లేరు, అయినా అవడం లేదు. మధ్యలో ప్రకటనలు. గోడ గడియారం రెండు దగ్గరికి వస్తోంది. పూర్ణచంద్రరావు కుర్చీ ఇంకా ముందుకి జరుపుకున్నాడు. ఇంకెప్పుడు వేస్తారు రాయబారం? ఎంతసేపు మిగిలింది?

పడక సీను ముగిసింది. ఆయన రెండు వేళ్ళూ రెండు బటన్ల మీద పెట్టాడు. కౌరవసభ రావాలి. సభ రాలేదు. సమాజమంతా వరసగా నిలబడి ఉంది. ఇద్దరు కృష్ణులూ చెరో చివర, మధ్యలో హారతి పళ్ళెం. అందరూ కలిసి మంగళం పాడారు. ఆ వెనకే వార్తల బొమ్మ పడింది.

మంగళం పాడాక రంగస్థలం మీద చీపురు తప్ప ఇంకోటి ఆడదు. ఆ సంగతి పాలుతాగే పిల్లాడికి కూడా తెలుసు. అయిపోయింది. రాయబారం తీసేశారు. మొత్తం పడక సీనుకే ఇచ్చేశారు. మళ్ళీ తినేశాడు వాడు, ఈసారి తెల్లారకుండానే తినేశాడు.

ఆయన లేచాడు. అరవడానికి గొంతు లేదు, తిట్టడానికి గొంతు లేదు. ఉన్నవి చేతులు. వీసీఆర్ వెనక చెయ్యి పెట్టి, దొరికిన వైర్లన్నీ గుప్పిట పట్టి పీకేశాడు. ఒక పిన్ను విరిగి లోపలే ఉండిపోయింది. స్విచ్చిబోర్డు మీద మెయిన్ కూడా కట్టేశాడు. ఫ్యాను ఆగిపోయింది. భానుమతి నోట్లో కొంగు కుక్కుకుని గోడకి ఆనుకుంది.

అప్పుడు మోగింది గేటు. ఎవరో రెండు చేతులతోనూ బాదుతున్నారు. పూర్ణచంద్రరావు కిటికీలోంచి చూశాడు. సాంబశివరావు. కాళ్ళకి చెప్పుల్లేవు, ఒంటి మీద చొక్కా లేదు, తువ్వాలు భుజం మీంచి సగం జారిపోయింది.

"బావా, గేటు తియ్. అయిపోలేదు. వార్తల తర్వాత నీ సీనుందంట, బొమ్మ కింద అక్షరాలు పడ్డాయి. టీవీ కట్టెయ్యమాక."

ఇన్నేళ్ళ తరవాత నోరు విప్పి అన్న మొదటి మాట అది. పూర్ణచంద్రరావు దాన్ని విన్నాడు. విని, పళ్ళు కొరికాడు.

"నిజమేమోనండీ" అంది భానుమతి. "తీస్తాను."

ఆయన అడ్డంగా నిలబడ్డాడు. "మంగళం అయ్యాక సీనేంటే. ఎగతాళికి వచ్చాడు. నన్ను ఆ ఉత్త డబ్బా ముందు మళ్ళీ కూర్చోబెట్టి నవ్వడానికి వచ్చాడు. ఆ గేటు తీశావంటే నువ్వూ వాడితోపాటే పో."

"నీ కోపం తగలెయ్య" అంటున్నాడు బయట సాంబశివరావు. "తియ్ బావా. మొదలవుద్ది." గేటు ధనధనమంటోంది. ఇనప రేకు గేటు, చప్పుడు కాలవ అవతలికి కూడా పోతుంది. పూర్ణచంద్రరావు కిటికీలు ఒక్కొక్కటే వేసి గడియలు పెట్టాడు. చీకటి హాల్లో కుర్చీలో కూర్చుని చెవులు మూసుకున్నాడు. ఆ మోత ఆగలేదు. ఆగేదాకా కదలకూడదనుకున్నాడు.

భానుమతి ఎప్పుడు వెళ్ళిందో ఆయన చూడలేదు. ఆమె పెరటి తలుపు తీసుకుని, ఏళ్ళ తరబడి అడుగు పెట్టని పుట్టింటి దొడ్డిదారిన అన్న ఇంట్లోకి వెళ్ళింది. అక్కడ ఎవరూ లేరు. ఖాళీ కుర్చీ ముందు కేబులు టీవీ దాని మానాన అది ఆడుతోంది. ఆమె ఒక్క క్షణం నిలబడి విని, వచ్చిన దారినే పరుగెత్తుకొచ్చింది.

"మీరే. మీరే పాడుతున్నారండీ. సభలో నిలబడి పాడుతున్నారు. రండి, అన్నయ్య టీవీలో చూద్దురుగాని రండి."

హైదరాబాదులో కత్తెర పట్టుకున్నవాడెవడో వార్తల కోసం నాటకాన్ని రెండు ముక్కలు చేసి, మొదటి ముక్క చివర ఏదో ఒక పాట ఉంటే బాగుంటుందని మంగళాన్ని తెచ్చి అక్కడ అతికించాడు. వాడికి అది మరో పాట, అంతే. పూర్ణచంద్రరావుకి ఆ సంగతి ఒక్కసారిగా అర్థమైంది.

ఆయన పక్కింటికి వెళ్ళలేదు. అక్కడ వింటే వినిపిస్తుంది, నిలవదు. ఆయనకి నిలవాలి. మెయిన్ వేసి, వీసీఆర్ వెనక మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పసుపు పిన్ను దొరికింది, దాని బొక్క దొరికింది. ఎరుపు పిన్ను విరిగి లోపలే ఉంది. తెలుపుదానికి వైరు తెగిపోయింది. ఏదో ఒకటి గుచ్చి రెండు బటన్లూ నొక్కాడు. క్యాసెట్టు తిరిగింది.

బొమ్మ వచ్చింది. నిండుసభలో పూర్ణచంద్రరావు. కిరీటం, పింఛం, నీలం మొహం. కుడిచెయ్యి పైకి లేచింది, మెడ నరాలు పొంగాయి, నోరు పూర్తిగా తెరుచుకుంది. అది ఆఖరి పద్యమని ఆ చెయ్యి చూస్తేనే ఆయనకి తెలిసింది. ఆ పద్యం చివర రాగాన్ని పైకి తీసుకెళ్ళి అక్కడ వదిలేసి, ఊపిరి బిగబట్టి మళ్ళీ అందుకుంటాడు. అందుకున్నాడో లేదో వినపడలేదు. హాల్లో ఫ్యాను చప్పుడూ, బయట గేటు మోతా తప్ప ఇంకేమీ లేదు. తెగిన వైరు కొనని వేళ్ళతో నలిపి లోపలికి దోస్తూనే ఉన్నాడు. బొమ్మలో నోరు మూసుకుంది. తెర పడింది. పేర్లు కిందనుంచి పైకి పోయాయి.

బయట గేటు మోత కూడా ఆగిపోయింది.

ఎంతసేపటికో ఆయన లేచి, గేటు తీసుకుని వెళ్ళాడు. సాంబశివరావు తన వసారాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. రెండు అరచేతులూ కందిపోయి, తడిగుడ్డ చుట్టుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. దూరం నుంచి అడిగితే పూర్ణచంద్రరావు గొంతు ఎవరికీ వినపడదు. మెట్లెక్కి, దగ్గరికి వెళ్ళి, బావ చెవి దగ్గరికి వంగాల్సి వచ్చింది.

"ఎట్టా పాడాను?"

సాంబశివరావు మొహం తిప్పలేదు. "ముందు నాది ఎక్కిందో లేదో చెప్పు."

పూర్ణచంద్రరావు తల అడ్డంగా ఊపాడు.

"ఎక్కలేదా, ఎక్కించలేదా."

పూర్ణచంద్రరావు తడిగుడ్డ చుట్టిన ఆ చేతులకేసి చూశాడు.

"ఎక్కించలేదన్నమాట." సాంబశివరావు కుర్చీలోంచి లేచాడు. "నన్నేం అడుగుతావు బావా. నేనెక్కడ విన్నాను. నువ్వు పాడినంతసేపూ నీ గేటు కాడే ఉన్నాను. ఆ రేకు మోత తప్ప నా చెవిలో ఇంకేం పడలా."

లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

భానుమతి ఆ రోజే చెప్పింది, చాలా బాగా పాడారని. ఊళ్ళో కనపడినవాళ్ళందరూ చెప్పారు, అదరగొట్టేశారండీ అని. వాళ్ళ మాట పూర్ణచంద్రరావు ఏనాడూ లెక్కచెయ్యలేదు, ఇప్పుడూ చెయ్యలేదు. ఆఖరి పద్యంలో రాగం నిలిచిందో జారిందో ఆయన మొహమ్మీద చెప్పగల చెవి ఈ చుట్టుపక్కల ఒక్కటే ఉంది, ఆ మధ్యాహ్నమంతా ఆయన దాన్ని గేటు బయట ఎండలో నిలబెట్టాడు.